ఐదు వందల చుట్లు

లారీ ఖాళీగ వచ్చినప్పుడొక తూకం,
నిండి పోయేటప్పుడొక తూకం.
నడుమ తేడానే రాయి.
ఇరవై ఆరేండ్లు నేను రాసింది గంతే.

రేపు మాదాపూర్ల సన్మానం.
క్వారీ ఓనర్ల సంఘానికి మా నరహరి సారు అధ్యక్షుడైండు.
"నాలుగు మాటలు రాసియ్యి హబీబ్ మియా" అన్నరు.
నాకు మాటలు రావు. చీటీలొస్తయి.

ఖాళీ తూకం:
రోడ్ల శాఖల చిన్న ఇంజనీరు, ఒక స్కూటర్,
దాని డిక్కీల మూడు జల్లెడలు.
కంకర కుప్ప మీదికెక్కి పిడికెడు ఏరి
"ఇవి పెంకాసులు, రాళ్లు గావు" అని
లారీ తిప్పి పంపేటోడట.
"అంత తెలిస్తే నువ్వే కొట్టుకోరాదు!"
అన్నడొక కాంట్రాక్టరు.
గా తిట్టే మా కంపెనీకి మొదటి పెట్టుబడి.

కీసర అవతల గుట్ట లీజు, ఒక పాత క్రషర్,
దాని దవడ రెండు దినాలకోసారి పట్టేసేది.
వల్లెపు సాయమ్మ సుత్తెతోని రాయిని తట్టి
చెవి ఆనిచ్చి చెప్పేది:
"నరం ఇటుంది సారూ, అడ్డం కొడితే అలుగుతది."
కాలేజీల చెప్పలేదని
సారు నోట్‌బుక్కుల రాసుకున్నడు, ఆమె పేరుతో సహా.

నలభై రంధ్రాలు పెట్టిన్రు ఒక పగటి పూట.
ముప్పై తొమ్మిది పేలినయి.
లెక్క తప్పిందనుకొని ముందుకు నడిచిండు
సాయమ్మ తమ్ముడు సాయిలు.

ఆ దినం నేను చీటీ రాయలే.

అప్పటిసంది ఎన్ని కార్లున్నా, ఎన్ని క్రషర్లున్నా
సైరన్ మోగినంక సారే వేళ్లు మడుచుకుంట లెక్కపెడతడు.
ఒక్కటి తక్కువైతే
పొద్దుగూకేదాకా ఎవల్నీ కదలనియ్యడు.

తంగేడు పువ్వు తెల్లగైతుందని
తండావోళ్లు వచ్చి గేటు ముంగట కూసున్నరు.
నీళ్లు చల్లే పైపులు పెట్టిచ్చిండు.
సగం దుమ్ము ఆగింది.
సగం ఇంకా నా దగ్గుల ఉంది.

గుట్ట ఇప్పుడు లేదు.
మెట్రో స్తంభాలల్ల నిలబడ్డది, ఫ్లైఓవర్లల్ల వంగింది.
అదున్నకాడ గుంత, గుంతల నీళ్లు,
నీళ్లల్ల నీటికాకి మునుగుతది, తేలుతది.

మా ల్యాబుల లాస్ ఏంజిలిస్ యంత్రముంది.
సారు చూసిన లాస్ ఏంజిలిస్ గదొక్కటే.
రాళ్లు, ఇనుప గుండ్లు కలిపి
ఐదు వందల చుట్లు తిప్పుతరు.
అరిగింది జల్లెడల జారుతది,
మిగిలింది తూస్తరు.

నిన్న చీకటి పడ్డంక సారు వచ్చి
లారీ కాటా మీద ఒక్కడే నిలబడ్డడు.
"నేనెంత మిగిలిన్న, హబీబ్?"
ఎనభై అని చూపింది.
"గిది ఇరవైల లెక్కల్నే చూపుతది సార్,
మనుషులకు పనికిరాదు" అన్న.
"నేను డెబ్బై మూడే" అని నవ్విండు,
చెప్పుల దుమ్ము అక్కడనే దులిపి
మళ్ల ఎక్కి చూసిండు.

ఎనభై.