ఒక రూపాయి తక్కువ

లింగిచెట్టి వీధిలో పాత కాగితాల గిడ్డంగి
పది కోట్లకి అమ్ముడుపోయింది.
వారసులు పదిహేడు మంది.
లాయరు గారి దగ్గర గుమస్తాని, పంపకం నా పని.

నా కాలిక్యులేటర్‌కి ఎనిమిది గళ్ళే.
చివరి సున్నాని లోపలికి రానివ్వలేదు.
కాగితం తీశాను.
పదిహేడో ఎక్కం నాకెప్పుడూ తిన్నగా రాలేదు,
పదిహేడెనిమిదుల దగ్గర బెత్తం ఇంకా కాచుకునే ఉంది.

భాగహారం మెట్లు మెట్లుగా కిందికి దిగి
శేషం పదహారు దగ్గర ఆగింది.
పదిహేడు మందికి పదహారు రూపాయలు!
ఎవరికి తగ్గినా కోర్టుకెక్కే కుటుంబం.
చెంగమ్మ గారైతే ఒక ఇత్తడి గంగాళం కోసం
పదకొండేళ్ళు వాయిదాలు తిరిగిన మనిషి.

పర్సులోంచి నా రూపాయి ఒకటి తీసి కలిపాను.
పది కోట్ల ఒకటి.
ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి,
మధ్య ఏడు సున్నాలు, ఉయ్యాల బల్లలా.
ఇప్పుడు తలకి
58,82,353.
పైసా అటూ ఇటూ లేదు.

సాయంత్రం బీచ్ స్టేషన్లో బండెక్కితే
సంఖ్య కూడా నాతోనే ఎక్కింది.
టికెట్ వెనక రాసుకుని విరగ్గొట్టబోయాను.
ఇద్దరికి పంచితే ఒకటి మిగిలింది.
ముగ్గురికీ ఒకటి. నలుగురికీ ఒకటే.
ఐదుగురికి మూడు (సరే, దాని ఇష్టం).
ఆరుగురికి ఒకటి, ఏడుగురికి మళ్ళీ ఒకటి.
నేను వేసిన రూపాయేనా ఇది,
ఇల్లిల్లూ తిరిగి నన్ను వెతుక్కుంటోందా?

కొరుక్కుపేటలో ఆ వారం రాత్రుళ్ళు కరెంటు లేదు.
మేడ మీద, ఫోను వెలుతురులో,
పదకొండు, పదమూడు, పదిహేడు...
రెండు వేల నాలుగు వందల ఇరవై మూడు దాకా
మూడు వందల అరవై ప్రధాన సంఖ్యలు
ఒక్కొక్కటే వెళ్ళి తలుపు తట్టాయి.
నాలుగు రాత్రులు.
ఎవరికీ తియ్యలేదు.

ఐదో రాత్రి విసుగొచ్చి
పెన్సిల్‌తో నడుముకి అడ్డంగా ఒక గీత గీశాను.
ఇటు 588. అటు 2353.
దేన్ని దానితోనే హెచ్చవేశాను.
3,45,744.
55,36,609.
కూడితే
58,82,353.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కూడాను.
తనే.
పంచితే తెగనిది, కోస్తే
ముక్కలు రెండూ ఎవరి మానాన అవి పెరిగి
తిరిగొచ్చి అదే ఒళ్ళు కట్టుకున్నాయి.
కింద వీధిలో నీళ్ళ లారీ వచ్చింది.
బిందెలు తీసుకుని అందరూ పరిగెత్తారు,
చెప్పడానికి ఎవరూ దొరకలేదు.

సోమవారం చెక్కులు ఇచ్చాం.
పదహారు మంది సంతకం పెట్టి వెళ్ళిపోయారు.
చెంగమ్మ గారు మాత్రం చెక్కుని దూరంగా పట్టుకుని
పెదాలు కదుపుతూ చాలాసేపు చూసి,
"శేషం పదహారే కదమ్మాయ్, ఈ ఒకటెక్కడిది?" అంది.

నేను రసీదు పుస్తకం సర్దుకున్నాను.

సంచిలోంచి ఒక రూపాయి తీసి
నా బల్ల మీద పెట్టింది.
"ఏడుగురు మనవలు నాకు.
ఇది ఉంటే తెగదు."