లీఫ్

కొండపి హైస్కూలు, ఎనిమిది బి.
కరెంటున్న పీరియడు కాబట్టి
గోడ మీది పెద్ద తెర నడిమధ్య
సున్నా చుట్టి లోపల లీఫ్ అని రాశాను.
ఆరు ట్యాబులు, ముప్పై నాలుగు మంది,
ఎవరి బాణానికి వాళ్ల రంగు, వాళ్ల పేరు.

కాసేపు కోళ్లగంపే.
గ్రీన్ అన్నాడొకడు, ఇంకొకడూ గ్రీనే అన్నాడు.
మస్తాన్‌వలి ఆకు పక్కన గోట్‌ని కట్టేశాడు.
ఆ మేక నుంచి అంకమ్మరావు
బిర్యానీకి కొమ్మ లాగాడు.
ఎవరిదో వేలు తగిలి అంతా తుడిచిపెట్టుకుపోయింది.
అన్‌డూ నొక్కితే
ముందు మేకే లేచి నిలబడింది.

ఆకులు చాలా ఉంటే ఏమంటారు?
లీఫ్స్, అని గోల.
కాదర్రా, లీవ్స్.
"లీవ్ లెటర్లో లీవేనా టీచర్?"
అది వేరే మాట, అన్నాను.
వాళ్లు కలిపిన గీత చెరిపి
రెండు గళ్లనీ చెరో మూలకి జరిపాను.

గంట కొట్టాక తెర ఆర్పాను.
లింకు మాత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో
అలాగే ఉండిపోయింది.

రాత్రి పదకొండుకి నా ఫోన్లో
పటం దానంతటది చిగురేస్తోంది.
బూడిదరంగు బాణం, పేరు గెస్ట్.
లీఫ్ నుంచి ఎల్లో.
ఎల్లో నుంచి బ్యారన్.
బ్యారన్ నుంచి ఫైర్, టెంపరేచర్, నో స్లీప్.
చాలాసేపు ఏమీ లేదు,
పొయ్యిలోకి కట్టె ఎగదోయడానికి లేచిందేమో.
మళ్లీ వచ్చి
స్టిక్, బేల్, మాయిశ్చర్, లో గ్రేడ్, రిజెక్ట్.
మాయిశ్చర్‌లో ఒక అక్షరం తక్కువ.
రిజెక్ట్‌లో ఏ తప్పూ లేదు.

జనవరి నుంచి హాజరుపట్టీలో
ఒకే పేరు ఎదురుగా వరసగా ఏ, ఏ, ఏ.
ఇంగ్లీషులో బొత్తిగా వెనకబడింది అని
ఆ పిల్ల ప్రోగ్రెస్ కార్డు మీద రాసింది నేనే.

"కెజియా, నువ్వేనా?"
అని ఓ చిన్న గడి పెట్టాను.
బాణం కదల్లేదు.
తర్వాత మెల్లగా ఆ మూల నుంచి ఈ మూలకి,
లీవ్స్ నుంచి లీవ్ దాకా
ఒక గీత గీసి వెళ్లిపోయింది.

పొద్దున తెర వెయ్యగానే క్లాసంతా నిశ్శబ్దం.
ఆ గీతని నేను చెరపలేదు, వివరించనూ లేదు.
మస్తాన్‌వలి ఒక్కడే లేచి
తన మేకని బ్యారన్ దాకా లాక్కెళ్లి
ఆగి, మళ్లీ వెనక్కి తెచ్చుకున్నాడు.
"ఈ ఆకు మేక తినదు టీచర్."