సై, దు, లు

అక్షరానికి నాలుగు రూపాయలున్నప్పుడు
నేను రాయనేర్సిన మొదటి పేరు ఇదే.
మేస్త్రి నా చెయ్యి వట్టుకొని
'సై' మీది ఐత్వం కాడ కుంచె ఆపి అన్నడు:
ఈడ ఊపిరి బిగవట్టాలె,
లేకుంటే మనిషే వంకరగ కనవడతడు.

నేరేడుచర్ల చుట్టుముట్టు
ఎవలింట్ల పిల్లలు నిలువకున్నా
జాన్‌పహాడ్ దర్గకు మొక్కుతరు.
కందూరు జేసి తిరిగొచ్చేటప్పుడు
చంకల పిలగానికి ఆ పేరే.
కులమేందని పేరు అడగదు,
ఇంటిపేరు ఎనకనుంచి వచ్చి చెప్తది.

గుండెబోయిన సైదులు కబడ్డి.
జిల్లా కప్పు మీద గోరంత జాగల రాసిన.
కూతకు వోతే ఆరుగురిని ఈడ్సుకొచ్చేటోడు.
ఇప్పుడా కప్పుల కోడలు కందిపప్పు పోసుకుంటది,
అడుగున నా అక్షరాలు పప్పు వాసన.

షేక్ సైదులు ఎముకలు గడతడు.
బోర్డుకు ఎర్ర రంగు వద్దన్నడు,
నెత్తురనుకొని గేటుకాడ్నే పడిపోతరట.
ఆకుపచ్చ ఏసిన.
కబడ్డాయనకు చెయ్యి జారితే గూట్లె ఏసింది ఈన్నే.
నీ పేరేందని అడిగిండట,
'సై' అనంగనే గుంజిండట,
'దులు' అరుపుల కలిసింది.

ధీరావత్ సైదా, తండా నుంచొచ్చిన లెక్కల సారు.
'లు' రాయకు, జీతం బిల్లుల లేదు అన్నడు.
ఆయిటికి పావు వంతు పైసలు తక్కువిచ్చిండు.
మూడిట్ల ఒకటి పావెట్లయితదని నేనడగలే,
లెక్కల సారు గదా.
పది పాసైన పిలగాండ్ల పేర్లు బడి గోడకు రాస్తుంటే
తొమ్మిదిట్ల మూడు సైదులే.
నిచ్చెన కింద నిలవడి నవ్విండు:
అక్షరం ఒకటే, విలువలు వేరు,
బీజగణితమంటే గింతే పెంటయ్యా.

రణపంగు సైదులు వరి విత్తనాల సైంటిస్టు.
బడికి కొత్త గది కట్టిచ్చి
రాతిపలక మీద తండ్రి పేరు పైన రాయమన్నడు.
జాగ సాలదంటే
నాది చిన్నగ జెయ్యి అన్నడు.
అంత చిన్నగ ఆ పేరు నేనెన్నడు రాయలే.
దగ్గరికి పోయి ఒంగితెనే కనవడతది.

మంత్రసాని సైదమ్మకు ఎవలు బోర్డు రాయించలే.
నేను జెప్పిన సైదులల్ల ఇద్దరు
ఆమె చేతులల్లనే కండ్లు తెరిసిన్రు.
రాస్తనంటే, ఎందుకు బిడ్డా,
అర్ధరాత్రి బోర్డు ఎవడు సదువుతడు అన్నది.

చివర 'లు' అంటే మర్యాదకు పెట్టేదని
తెలుగు పంతులమ్మ జెప్పింది.
నాకు మర్యాద కనిపియ్యలే.
మంది కనిపిచ్చిన్రు.
ఒక్కణ్ణి పిలిస్తె పదిమంది తిరిగి సూసే పేరు.

మా అన్న పేరు గూడ అదే.
పదకొండు దినాలు.
కాగితం మీద ఏడ ఎక్కలే.
ఏ రంగంలనో ఏమయ్యేటోడో,
అమ్మ ఒక్కసారి గూడ అనుకోలే పైకి.
నన్ను కన్నంక పెంటకుప్ప మీద పండవెట్టి
సాట నూకలకు మళ్ల కొనుక్కున్నదట,
సావు సూసి గూడ వద్దనుకోవాలని.
అందుకే నేను పెంటయ్యను.
బోర్డుల కింద మూలకు పెంటు ఆర్ట్స్.

ఫ్లెక్సీలొచ్చినయి. కుంచెలు ఎండినయి.
షాపుల పిలగాడు ఏలితో కొడితే
మూడక్షరాలు లేసి నిలవడతయి,
ఊపిరి సంగతి వానికి తెల్వది.

మొన్న డబ్బ అడుగున
ఎముకలాయన ఆకుపచ్చ ఇంత మిగిలుండె.
కిరసనాయిలు కలిపి
మా ఇంటెనక గోడకు రాసిన.
ఇంటిపేరు లేదు, కింద నా పేరు లేదు.
పొలాలకు వొయ్యేటోళ్లు ఆగి అడుగుతున్నరు,
నా పేరు ఈడెందుకు రాసినవని.
నీదే, అంటున్న అందరితోని.

ఐత్వం కాడ మాత్రం
చెయ్యి జరంత ఒణికింది.
దిద్దలే.