సంతకం గడి

జూన్‌లో బడి తెరిచిన రోజు
నేనే కూర్చుని రాశాను ఆ కాగితం.
చుట్టుగుంట సెంటర్లో జిరాక్స్ తీయించాను,
ముప్ఫై నాలుగు ఇళ్లకి, ఒకటి గోడకి.

తొమ్మిదింటికల్లా బడిలో ఉండాలి.
ఆదివారం గోళ్లు తీసి పంపాలి.
పెన్సిలు చెక్కిన పొట్టు కిటికీలోంచి పోయకూడదు,
కింద ఇడ్లీబండి ఉంది.
ఎక్కం అప్పజెప్పేటప్పుడు పక్కవాడి పెదాలు చూడకూడదు.
హోంవర్కు అరగంట, టీవీకి వీపు పెట్టి.
అయ్యాక ఇంట్లో పెద్దవాళ్లు చూసి
పేజీ అడుగున గడిలో సంతకం పెట్టాలి.

ఆఖరుదాని కింద రెండు గీతలు కొట్టాను.
స్కేలు పెట్టి మరీ.

సంతకాలు వచ్చాయి.
లారీ తోలే వెంకటప్పయ్య ఆదివారం ఇంటికొచ్చి
వారానికి సరిపడా ఆరూ ఒకేసారి పెట్టి పోయేవాడు,
ఇంకా చేయని లెక్కల కింద.
కెజియా పుస్తకంలో ఐదో తరగతి అక్క
గుండ్రంగా ‘అమ్మ’ అని రాసేది.
తప్పు లేదు, వదిలేశాను.

నాగుల్‌మీరా గడి ఒక్కటే ఖాళీ.
‘సంతకం ఏది?’ అని రాశాను ఎర్రసిరాతో.
ఆగస్టులో ఇంకాస్త పెద్దగా రాశాను.
వాడు నిలబడి నేల చూసేవాడు.
“మా అమ్మ తొడాలు తీసుద్ది టీచర్” అన్నాడు ఒకసారి.
నేనడిగింది అది కాదుగా అన్నాను.

ఫిబ్రవరికి ఊళ్లో గాలి మారింది.
యార్డులో బస్తాలు దిగుతుంటే
మూడో తరగతి మూడో తరగతంతా ఒక్కసారే తుమ్ముతుంది.
దానికి నా కాగితంలో నిబంధన లేదు.

ఆ రాత్రి ఇంట్లో పుస్తకాలు దిద్దుతున్నాను.
పందొమ్మిదోది వాడిది.
మూడంకెల తీసివేతలు, పదికి పది. గడి ఖాళీ.
ఎర్రపెన్ను మూత తీసి
నిద్ర ముంచుకొస్తుంటే కన్ను నులుముకున్నాను.

అంతే.
కుళాయి దాకా ఎట్లా పోయానో తెలీదు.
“మిరపకాయలు కోశావా?” అంటాడు మా ఆయన.
ఎక్కడ కోశాను, ఈపూట పెరుగన్నమేగా!

ఒంటికన్నుతో తిరిగొచ్చి
పేజీని లైటుకి ఎత్తి చూశాను.
ప్రతి లెక్క పక్కనా ఒక వేలు నడిచిన జాడ,
పలచగా, ఎర్రగా.
నాలుగో లెక్క దగ్గర,
పక్క అంకె నుంచి అప్పు తెచ్చుకోవడం మరిచి
వాడు కొట్టేసి మళ్లీ చేసినచోట,
మరక ముదిరి ఉంది.
అక్కడ ఆమె ఆగింది.
“ఇదేందిరా” అని కూడా అని ఉంటుంది.

కిలోకింత, అడ్వాన్సు పోను ఇంత,
శనివారానికి చేతికొచ్చేది ఇంత.
తీసివేతలు ఆమెకి నేను చెప్పాలా?

వెనక్కి తిప్పుకుంటూ పోయాను.
జూన్ దాకా ఉంది,
కోల్డ్‌స్టోరేజీ కాయల వెలిసిన రంగులో.
ఒక పేజీలో సరిగ్గా ఆ మరక మీదే
నా ఎర్రసిరా అడుగుతోంది, సంతకం ఏది అని.

ఆ గడిలో ఏం రాయాలో చాలాసేపు తోచలేదు.
‘చూశారు’ అని రాశాను.
పొద్దున వాడు అది చదువుకుని
నా వాచిన కన్ను వంక చూసి
ఏమీ అనకుండా పోయి కూర్చున్నాడు.

ఈ జూన్‌లో కాగితం మళ్లీ రాశాను.
గోళ్లు అట్లాగే ఉంచాను.
పొట్టు సంగతి తీసేశాను,
ఇడ్లీబండి ఆవిడ చట్నీగిన్నెకి మూత కొనుక్కుంది.
ఆఖర్న ఇట్లా రాశాను:
పిల్లల హోంవర్కులో పెద్దవాళ్లు వేలు పెట్టాలి.

హెడ్మాస్టరుగారు కళ్లజోడు పైకి నెట్టి
“వేరే అర్థం వస్తదేమోనమ్మా” అన్నారు.
రానీయండి సార్ అన్నాను.