గోడకివతల

మా ఇంటికీ ఉరుకుందు వాళ్ళింటికీ గోడొకటే.
ఆదోనిలో పత్తి మిల్లు ఎనకాల సందు.
నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవునికే తెలియాల.
ఏ నడిరాత్రో కుళాయి గురగురమంటే
ఎవరు ముందు లేస్తే వాళ్ళు
గోడమీద చెంబుతో రెండు దెబ్బలు కొట్టాల.
పన్నెండేండ్లు తప్పలేదు మా ఒప్పందం.

ఆ గోడలోంచి నాకన్నీ ఇనపడేవి.
మాదేవి ఏడుపు, ఉరుకుందు దగ్గు,
కూలి డబ్బులొచ్చిన రోజు ఇద్దరి నవ్వు.
కొట్లాట, జొన్నరొట్టె కాలేంత సేపు.
ఆనక "తిన్నావా" అని ఒకరు,
"నువ్వు తిను పో" అని ఇంకొకరు.
ఇంతకంటే ఏముంటాది, ఏ ఇంట్లోనైనా?

ఒకపారి ఆమె పుట్టింటికి పోయి నెలైనా రాలే.
ఎవరు చెప్పినారో, ఎట్ల తెలిసిందో,
హైదరాబాదు నుంచి కారొచ్చింది.
కారు! మా సందులోకి!
టీవీలో పంచాయితీ చేసి కలుపుతామన్యారు,
దారి ఖర్చులు, పైన ఐదు వేలు.

మాదేవి పెండ్లిచీర కట్టుకోని పోయిందంట.
"ఇది వద్దమ్మా, మిల్లుకు కట్టుకునేది లేదా" అన్యారంట.
జడలో ఇరుక్కున్న దూది పీకేసుకుంటాంటే
"ఉండనీ, బాగుంది" అన్యారంట.

ఆ శుక్రవారం సందంతా మా ఇంట్లోనే,
మా టీవీ పెద్దది కదా.
ఉల్లిగడ్డ తరిగి బొరుగులు కలిపినా అందరికీ.
బామ్మర్ది కొట్టిన దెబ్బ ఉరుకుందు చెంపమీద
మూడుసార్లు చూపించినారు.
మూడోసారి నిదానంగా, డప్పు సప్పుడుతో.
మేము మూడుసార్లూ "అబ్బా" అన్యాము.
నడమ సబ్బు ప్రకటనొచ్చినా
ఒక్కరూ లేచి పోలే.

"ఇరుగుపొరుగు ఏమంటున్నారో విందాం" అనింది యాంకరమ్మ.

నా గొంతు.

వారం ముందర ఫోను చేసినారు నాకు.
"అక్కా, మీరైతే నిజం చెప్తారు" అన్యారు.
నన్ను నిజం చెప్పమని
అంతవరకు ఎవరూ అడిగిన పాపాన పోలే.
చెప్పినా.
చెంబు ఇసిరిన రాత్రి చెప్పినా.
తాగొచ్చిన రాత్రులు లెక్కపెట్టి చెప్పినా.
"తిన్నావా" అనే మాట కూడా చెప్పినా,
ఈరన్న సామి మీద ఒట్టు.
అదొక్కటే రాలేదు.

అందరూ నా దిక్కు తిరిగినారు.
"గొంతు బాగొచ్చిందే అక్కా" అన్యారెవరో.
నేను నవ్వినా.
కొట్టిన దెబ్బ చూసి "అబ్బా" అన్నదాన్ని మరిచిపోతానేమో గానీ
ఆ నవ్వు గొంతులో ముల్లు మాదిరి ఉండిపోయింది.

వాళ్ళు కలిసే వచ్చినారు.
వచ్చేటప్పుడు కర్నూలు బస్టాండులో
ఒక సోడా ఇద్దరూ తాగినారంట,
మొదట ఆమెకిచ్చి, మిగిలింది ఆయన.
మిల్లులో ఇంకెవరికో చెప్తాంటే ఇన్యా.
నాకైతే చెప్పలే.
దాన్ని ఎవరూ కెమెరాలో తీయలే.

ఇప్పుడు మా సందులో పిల్లోళ్ళు
గరిటె మైకు పట్టుకోని పంచాయితీ ఆట ఆడతారు.
"ఏడువు. ఇంకా ఏడువు. బ్రేకు తర్వాత కొడుదువు."
పెండ్లాం వేషానికి ఎవరూ రారు.
పక్కింటామె వేషానికి మాత్రం
జుట్లు పట్టుకోని కొట్లాడుకుంటారు.

గోడ మూగదయింది.
దగ్గు గూడా నోట్లో గుడ్డ కుక్కుకోని దగ్గుతాడు.
గోడలకు చెవులుంటాయంటారు పెద్దలు.
ఎవరి చెవులో మా సందుకంతా తెలుసు.

రాత్రి రెండున్నరకు కుళాయి పలికింది.
చెంబు తీసుకోని రెండు దెబ్బలు కొట్టినా.
నిలబడినా. మళ్ళీ రెండు.
ఆ పక్క దీపం ముందే ఎలుగుతాంది,
తడికె సందుల్లోంచి తెలుస్తాంది.
నీళ్ళు పడతానే ఉన్నాయి.
సప్పుడే లేదు.

బిందెలో గుడ్డ యేసినట్టుండారు,
నాకు ఇనపడకుండా.