నారింజ రంగు నీళ్ళు

ఐదు నిమిషాల్లో తాగెయ్యాలి రేడెన్.
కక్కుకోకు.
కక్కుకుంటే మళ్ళీ మంగళవారమే,
అదీ విమానం దిగితే.

పదకొండేళ్ళవాడు. రాత్రి నుంచి పస్తు.
సీసాలో డెబ్బై ఐదు గ్రాముల చక్కెర
రంగు వేసుకుని నారింజలా నటిస్తోంది.
ఇక్కడ అసలు నారింజ చూడాలంటే
సరస్సు గడ్డకట్టాలి, దాని మీద లారీలు నడవాలి,
అప్పటికి తొక్క ముసలిదైపోతుంది.
కూల్‌డ్రింకు ముసలిది కాదు.
పాలకంటే చౌక. కాచి చల్లార్చక్కర్లేదు.
కుళాయిని నమ్మని ఇంట్లో
దాహం అంటే అదే.

సూది గుచ్చే చెయ్యి నాదే.
అరగంటకో గొట్టం. పేరుండదు, అంకె ఉంటుంది.
విన్నిపెగ్‌లో ఆ అంకెలు కొండలవుతాయి కాగితం మీద.
మా పిల్లల కొండలు
ఎక్కడమే తప్ప దిగడం మర్చిపోయాయట.

పట్టీ కట్టడానికి వంగితే కనిపించింది
వాడి మెడ వెనక ఆ నలుపు.

తొమ్మిదేళ్ళ కిందట నా మార్లిస్ మెడ మీద
అదే మఖమలు మరక.
మురికి అనుకున్నాను.
బడికి పంపేముందు తొట్టి మీద వంచి
గిన్నెలు తోమే పీచుతో తోమాను.
"అమ్మా, మంట" అంది. ఇంకొంచెం తోమాను.
టీచరు చూస్తే ఏమనుకుంటుంది, ఎవరికి చెబుతుంది.
సబ్బుకంటే ఆ భయమే ఎక్కువ నురగ కట్టింది.
చర్మం లేచింది. నలుపు లేవలేదు.

తర్వాతెప్పుడో శిక్షణలో
తెర మీద ఎవరిదో మెడ చూపించి
దానికో పేరుందని చెప్పారు,
ఒంట్లో ఇన్సులిన్ పొంగిపొర్లితే
పైకి తేలే గుర్తట.
పేరు రాసుకున్నాను. స్పెల్లింగు రెండుసార్లు తప్పింది.
పక్కనున్నామె అడిగింది, జలుబు చేసిందా అని.

డాక్టర్ పెనర్ పిల్లల భాషలో చెబుతోంది:
"కణం అంటే ఇల్లు. ఇన్సులిన్ వచ్చి తలుపు తడుతుంది,
తీస్తే చక్కెర లోపలికి వెళ్తుంది.
కొందరి ఒంట్లో తలుపులు తీయరు."
"ఎందుకు తీయరు?"
"అదే వెతుకుతున్నాం."

మూల కుర్చీలో వాడి అమ్మమ్మ జెమైమా.
కోకుమ్ అంటాం మేము, ఊరందరికీ కోకుమే.
చెప్పు మీద పూసలు కుడుతూ, తలెత్తకుండా:
"మా అమ్మా తీసేది కాదు.
పిల్లల్ని బడికి పట్టుకుపోయేవాళ్ళు పడవలో వస్తే
పొయ్యి ఆర్పి, గడియ పెట్టి,
మా నోళ్ళు మూసి కూర్చునేది.
వాళ్ళు తడుతూనే ఉండేవాళ్ళు.
ఒకరోజు తెరుచుకుంది.
అక్కడ పోసిన గంజికి
గిన్నె మాత్రమే కాదు, గిన్నె నీడ కూడా నాకాం.
మనవడి ఒంటికి ఎవరు చెప్పారో,
తలుపు తీయొద్దని."

పెనర్ కలం ఆగింది.
ఆమె ఫారంలో ఆ జవాబుకి గడి లేదు.
అంచున రాసుకుంది, చిన్న అక్షరాలతో.
రాయడం నేను చూశాను.

"ఇదివరకొచ్చినవాళ్ళూ నెత్తురు పట్టుకెళ్ళారు.
ఏం తేలిందో ఒక్కరూ వచ్చి చెప్పలేదు."
"నేను వస్తాను."
"సరస్సు గడ్డకట్టక ముందా, తర్వాతా?"
పెనర్ కిటికీ వైపు చూసింది.
పూస ఒకటి జారి నేల మీద దొర్లింది.
రేడెన్ లేచి తీసిచ్చాడు.

ఆఖరి గొట్టం నిండింది.
కాలరు సర్దుకుంటూ నా చెవి దగ్గర అడిగాడు,
"ఇది కడిగితే పోతుందా?"

కడగొద్దు నాన్నా.
ఎవరు చెప్పినా కడగొద్దు. మురికి కాదది.
నా గొంతు కొంచెం పెద్దదైనట్టుంది,
పెనర్ తిరిగి చూసింది.

సాయంత్రం మార్లిస్ ఇంటికి నడిచాను, కొట్టు దాటి మూడో ఇల్లు.
లోపల టీవీ వెలుగుతోంది.
చెయ్యి ఎత్తాను, తలుపు దాకా వెళ్ళింది,
దించేశాను.
మెట్టు మీద కూర్చున్నాను.
చల్లగా ఉంది. అయినా
తనే తీసేదాకా కూర్చోగలను.