జెండా నిలబడున్నంతసేపు

అనంతపురం, బళ్లారి రోడ్డు.
శెనక్కాయల మిల్లు ఉండే తావున
ఇప్పుడు నిప్పుల మీద కాల్చిపెట్టే హోటలు.
మెట్లకాడ ఫక్కీరప్ప చెప్పులిడిచినాడు.
"వేసుకో పెద్దాయనా, పర్లేదు" అన్నాడు గేటుకాడి పిల్లోడు.
వేసుకున్నాడు గానీ మునివేళ్ల మీదే నడిచినాడు,
ముప్పైయేండ్లు మూటలు మోసిన తావే అయినా.

పీరావలికి పీఎఫ్ డబ్బులొచ్చినాయి
తొమ్మిదేండ్లు ఆఫీసు గడప అరగదీసినాక.
"బిర్యానీ ఎవురైనా పెడతారు, నేను నిప్పు తినిపిస్తా రాండ్రా"
అని నలుగురిని పిల్చుకొచ్చినాడు:
హమాలీ ఫక్కీరప్ప, గింజలేరే హొన్నూరమ్మ,
బాయిలరుకాడి సుంకన్న,
కాటా చీటీలు రాసిన నేను.

టేబులు నడుమ గుంత.
గుంతలోకి నిప్పుల తొట్టి దించి
పైన చువ్వలు పేర్చినాడు ఇంగో పిల్లోడు.
కోడి, చేప, పుట్టగొడుగు,
ఎవురికీ అర్థం కాని అనాసపండు.
చిన్న జెండా ఒకటి నిలబెట్టి చెప్పినాడు:
"ఇది నిలబడున్నంతసేపు తెస్తానే ఉంటాం.
చాలనుకుంటే పండబెట్టండి."

ఐదుగురం జెండా వంక చూసినాం.
మిల్లుకు బీగమేసిన్నాడు గూడా
గేటుకాడ ఒక జెండా ఉండె, ఎర్రది.
ముప్పైరెండు దినాలు నిలబడి
ఎండకు వెలిసి వెలిసి తెల్లబడి
ఒకనాటి పొద్దున దానంతటదే పండుకునింది.
ఆ మాట ఎవురం ఎత్తలేదు.

హొన్నూరమ్మ చేతులు ఊరికుండవు,
చువ్వలు తిప్పుతానే ఉంది.
"అమ్మా, మేం తిప్పుతాం."
"నువ్వొచ్చేలోపల మాడిపోతాది నాయనా.
బ్రష్షుతో నూనె పూసేదేంది, గోడకు సున్నమా?"
పిల్లోడు నవ్వి, బ్రష్షు ఆయమ్మకే ఇచ్చిపోయినాడు.

సుంకన్న తినడంలే.
తల వంచి నిప్పుల మాట వింటాన్నాడు.
మిల్లు పోయినాక బెళుగుప్ప పక్క
సర్కారుతుమ్మ కొట్టి, బట్టీ పెట్టి,
బొగ్గు కాలుస్తాడు.
"ఇది నాదే" అన్నాడు.
"పోయిన నెల లోడు. సరిగ్గా ఆరలా, తొందరబెట్టినారు.
ఆ చిటచిట దానిదే."
మూట నాలుగొందలకు ఏసినాడంట.
ఇక్కడ మనిషికి ఏడునూర్ల నలభైతొమ్మిది.
లెక్క నాలిక చివరిదాకా వచ్చింది,
కోడిముక్కతో పాటే మింగేసినా.

నాది లెక్కల బుద్ధి.
చువ్వలు గూడా లెక్కబెడతానే ఉన్నా,
ఇరవయ్యారు, ఇరవయ్యేడు.
ఫక్కీరప్ప తన సొంత చేనికాయలు తెచ్చినప్పుడు
మూటకు రెండు కిలోలు తరుగు రాసిన చెయ్యి ఇది.
ఓనరు రాయమన్నాడు, రాసినా.
ఆ కాటా ఉండింది సరిగ్గా యాడ?
ఇప్పుడు చేతులు కడిగే తొట్టి ఉందే, ఆడ.
చెప్పల్లని నోరు తెరిస్తే
తన చేపముక్క నా ప్లేటులో ఏసినాడు:
"నాకు ముల్లు కనపడదు సామీ, నువ్వు తిను."
దీన్ని ఏ గడిలో రాయల్ల,
తరుగులోనా, కొసరులోనా?

"చాలా సార్?" అన్నాడు పిల్లోడు.
ఫక్కీరప్ప మూతి తుడుచుకున్నాడు.
"నాకు తెలిసిన చాలు మడక ఎనకాల వచ్చేదే అబ్బోడా.
ఇంగో చాలు ఎట్లుంటాదో చూడలా.
తే, ఇంగో రెండు చువ్వలు తే."

చివర్న ఐస్‌క్రీము తెస్తే
హొన్నూరమ్మ దాన్ని పక్కకు జరిపి
కొంగుముడి ఇప్పింది.
పచ్చి శెనక్కాయలు, ఈ ఏటివి.
ఆరిపోతా ఉన్న నిప్పుల మీద చల్లింది.
పిల్లోడు వద్దనేదానికి వచ్చి
వాసనకు అట్లే నిలబడిపోయినాడు.
పక్క టేబులోళ్లు తలకాయలు తిప్పినారు.
ఆయమ్మ వేళ్లు మాత్రం
కాలకముందే డొల్లలేవో ఏరి పక్కన పెడతాన్నాయి.
వాన లేదు గదా, సగం డొల్లలే.

మెట్లు దిగినాక గుర్తొచ్చింది,
జెండా ఎవురమూ పండబెట్టలేదు.
పైన ఇంకా చువ్వలు తెస్తాంటారేమో
ఐదు ఖాళీ కుర్చీలకు.
పీరావలి బీడీ ముట్టించినాడు.
"ఈ తూరి బాగా ఆరబెడతా లేబ్బా"
అన్నాడు సుంకన్న,
ఎవురూ అడక్కుండానే.